మూసాపేట గదిలో నీళ్ళ గీతలు

మూసాపేటలో మేమున్న గదిలో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఉండేది. రెండు వందల లీటర్లది. లోపలి వైపు మేకుతో గీకిన గీతలు మూడు ఉండేవి. ఆ గీతలు పెట్టింది కర్నూలు అమ్మాయి. మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి కాబట్టి ఒకసారి నింపిన డ్రమ్ము నాలుగు పూటలు రావాలి. ఒక గీత నుంచి ఇంకో గీతకి ఒక పూట. ఉదయం స్నానాలు అయ్యేసరికి నీళ్ళు మొదటి గీత కిందికి దిగాయంటే ఆ పిల్ల గొంతు కింద వీధిలోకి వినిపించేది.

ఆ గొంతంటే నాకు భయం ఉండేది, కోపం ఉండేది. సాయంత్రం కంపెనీ వదిలాక గదికి వెళ్ళాలంటే కాళ్ళు రాక భరత్‌నగర్ మార్కెట్లో ఏమీ కొనకుండా గంటసేపు తిరిగిన రోజులున్నాయి. ఇప్పుడు అదే గొంతు ఫోనులో వినపడితే నాకు ప్రాణం లేచొస్తుంది. ఈ మధ్యలో ఏం జరిగిందో రాసుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

అది 2009. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ (ఈఈఈ) డిప్లొమా చేస్తున్నాను. డిప్లొమా చదివినవాళ్ళకు తెలుసు, ఒక సెమిస్టర్ మొత్తం క్లాసులుండవు. ఆరు నెలలు ఏదో ఒక పరిశ్రమలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చేసి, రోజూ లాగ్‌బుక్ రాసి, మధ్యలో కాలేజీ నుంచి మేడమ్ వచ్చి చూసి మార్కులు వేస్తే గాని సర్టిఫికెట్ రాదు. మాకది ఐదో సెమిస్టర్‌లో వచ్చింది. బొబ్బిలి చుట్టుపక్కల మా బ్రాంచికి సరిపడే చోటు దొరకలేదు. బాలానగర్‌లో కంట్రోల్ ప్యానెళ్ళు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఆడపిల్లల్ని తీసుకుంటుందని తెలిసి, నాన్న నన్ను విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో ఎక్కించుకుని హైదరాబాద్ తీసుకొచ్చారు. జూన్ రెండో వారం. సికింద్రాబాద్‌లో దిగేసరికి ఎండ ఏప్రిల్లో కాసినట్టు కాస్తోంది.

గది కూడా ఆ కంపెనీ సూపర్‌వైజరుగారే చూపించారు. మూడంతస్తుల ఇంటి డాబా మీద రేకుల గది, పక్కన చిన్న వంటిల్లు, మెట్ల కింద బాత్‌రూమ్. అద్దె 2,800. నలుగురం ఉంటే తలా 700. మాకు కంపెనీ ఇచ్చే స్టైపెండ్ నెలకు 1,500. అప్పటికే ముగ్గురు అమ్మాయిలు చేరి ఉన్నారు. ముగ్గురూ వేర్వేరు పాలిటెక్నిక్‌ల వాళ్ళు, బాలానగర్, సనత్‌నగర్ కంపెనీల్లో ట్రైనింగ్‌కి వచ్చినవాళ్ళు. కింద ఉండే ఇంటి ఆంటీకి మా పేర్లు నోరు తిరగక ఊళ్ళతో పిలిచేది. అదే మాకూ అలవాటైపోయింది. నేను బొబ్బిలి. మిగతావాళ్ళు కర్నూలు, జగిత్యాల, తెనాలి.

మొదటి వారం బాగానే గడిచింది. ఒకరి మాట ఒకరికి కొత్త. నేను గోరుచిక్కుడు అంటే జగిత్యాల గోకరకాయ అనేది, కర్నూలు మటిక్కాయ అనేది. ముగ్గురం ఒకే కూర గురించి మాట్లాడుకుంటున్నామని తెలియడానికి కూరగాయ ఎదురుగా పెట్టుకోవాల్సి వచ్చింది. ఒకరోజు కర్నూలు నాకు డబ్బులిచ్చి, "వచ్చేటప్పుడు ఎర్రగడ్డలు కేజీ తీసుకురా" అంది. నేను ఎర్రగడ్డ అనే ఏరియాకి వెళ్ళి ఏదో తెమ్మంటోందనుకుని బస్సెక్కి, రైతుబజార్ ముందు నిలబడి ఫోన్ చేశాను, ఎర్రగడ్డలో ఏం కొనాలని. వాళ్ళ వైపు ఉల్లిపాయల్ని ఎర్రగడ్డలంటారని అప్పుడే తెలిసింది. ఆ రాత్రి నలుగురం నవ్వి నవ్వి పడుకున్నాం. నలుగురం కలిసి అంతగా నవ్వుకోవడం మళ్ళీ నవంబరులోనే.

ఆ ఏడాది వానలు రాలేదు. జూన్ అంతా ఎండ, జూలైలోనూ సరైన చినుకు లేదు. దేశమంతటా కరువు ఏడాది అది. కందిపప్పు కిలో తొంభై రూపాయలు దాటింది. మా ఇంటి బోరు పొద్దున పది నిమిషాలు పోసి ఆగిపోయేది. తాగడానికి, వంటకి, స్నానానికి మంజీరా నీళ్ళే దిక్కు. అవి తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చి గంటలో పోయేవి. కింద నల్లా దగ్గర పట్టుకుని, మూడంతస్తులూ మోసుకొచ్చి డ్రమ్ము నింపాలి. ఒక్కొక్కరికి ఐదేసి బిందెలు. జూలై మొదటివారంలో ఒక సాయంత్రం చూస్తే డ్రమ్ము అడుగంటింది, మర్నాడు నల్లా వచ్చే రోజు కాదు. అప్పుడే కర్నూలు మేకు తీసుకుని డ్రమ్ములోకి వంగి గీతలు గీసింది.

గీతలతో ఆగలేదు. వంద పేజీల నోట్‌బుక్ ఒకటి కొని నీళ్ళెవరు మోశారు, గ్యాస్ ఎవరు తెచ్చారు, పాలు, ఉప్పు, అగ్గిపెట్టె, అన్నీ రాయడం మొదలుపెట్టింది. మేము ఐదు కేజీల చిన్న సిలిండర్ వాడేవాళ్ళం. నేను టీ రెండోసారి వేడి చేసుకుంటే, "ఏమ్మే, గ్యాసు మీ నాయన పంపిస్తాండాడా?" అనేది. తలస్నానం చేస్తే తలుపు బయట నిలబడి చెంబులు లెక్కపెట్టేది. నిజంగా పెట్టేది. "పద్నాలుగు" అని నేను బయటికి రాగానే చెప్పేది. మా ఇంట్లో బావి ఉంది. నేను చేద వేసి తోడుకుని తలమీద ధారగా పోసుకుంటూ పెరిగినదాన్ని. ఒకరు నా చెంబులు లెక్కపెట్టడం నాకు ఒంటిమీద చెయ్యి వేసినంత అవమానంగా అనిపించేది.

తెనాలి పిల్ల కర్నూలుకి పూర్తిగా వేరు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేది, పాటలు పాడేది, జడ వేస్తానని పిలిచి కూర్చోబెట్టేది. నేనూ ఆమే జట్టు. సెకనుకు పైసా అని కొత్త ఫోన్ ప్లాన్లు వచ్చింది ఆ ఏడాదే. రాత్రి పదకొండు దాటాక దుప్పటి ముసుగేసుకుని ఒంటిగంట దాకా ఎవరితోనో మాట్లాడేది. నా పక్కనే పడక కాబట్టి నాకు నిద్రుండేది కాదు. నా షాంపూ, నా కొత్త చుడీదార్, నా చెప్పులు అన్నీ అడగకుండా వాడేది. జూలైలో అద్దెకి 400, ఆగస్టులో ఫోన్ రీచార్జికని 200 తీసుకుంది. అడిగితే "ఇస్తానులేవే బొబ్బిలీ, ఎక్కడికి పోతాను" అని బుగ్గ గిల్లేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. నా డబ్బు, నా నిద్ర, నా బట్టలు తీసుకున్న మనిషి మీద రాని కోపం, నీళ్ళు జాగ్రత్తగా వాడమన్న మనిషి మీద ఎందుకు వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

జగిత్యాలతో గొడవ ఉండేది కాదు, మాటే ఉండేది కాదు. రాత్రి తొమ్మిదికి పడుకునేది. తర్వాత లైటు వేస్తే లేచి కూర్చుని గోడవైపు చూసేది, అంతే. ఆ చూపుకి లాగ్‌బుక్ రాయడం మానేసి లైటు ఆర్పాల్సి వచ్చేది. నాలుగు గంటలకు ఆమె ఫోన్‌లో అలారం మోగేది. ఆమె వంట రోజున కూరలో వేసే కారానికి నా కళ్ళలో నీళ్ళొచ్చేవి. నా వంట రోజున ఆమె రెండు ముద్దలు తిని, ఊరి నుంచి తెచ్చుకున్న తొక్కు సీసా తీసి అన్నంలో కలుపుకునేది. ఒకరు వండింది ఒకరికి గొంతు దిగేది కాదు.

కంపెనీలో మాత్రం నాకు సుఖంగా ఉండేది. వైర్లకు ఫెర్రూళ్ళు, అంటే నంబరు తొడుగులు, ఎక్కించడం, కొసలకు లగ్గులు క్రింపింగ్ చేయడం, కాంటాక్టర్లు, రిలేలు బిగించడం, ఆఖర్న మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ చూడడం. ప్రతి వైరుకీ ఒక నంబరు, డ్రాయింగ్‌లో ఎక్కడుంటే అక్కడికే వెళ్ళాలి. గదిలో ఎవరి మాట ఎక్కడ తగులుతుందో తెలియని గందరగోళం నుంచి వచ్చి ఆ ప్యానెల్ ముందు నిలబడితే మనసు కుదుటపడేది.

ఆగస్టులో స్వైన్ ఫ్లూ భయం. దేశంలో మొదటి కేసు మే నెలలో బయటపడింది హైదరాబాద్‌లోనే. ఆగస్టుకి బస్సుల్లో అందరి ముఖాలకీ మాస్కులు, గుడ్డలు. అనుమానం ఉన్నవాళ్ళని చేర్చే ఎర్రగడ్డ చెస్ట్ హాస్పిటల్ మా స్టాపు నుంచి బస్సులో పది నిమిషాలు. సరిగ్గా అప్పుడే జగిత్యాలకి జ్వరం వచ్చింది, దగ్గు కూడా. విషయం ఎలా తెలిసిందో, కింది ఆంటీ మెట్ల మీదకు వచ్చి పిల్లను ఊరు పంపేయమని, లేదంటే నలుగురూ ఖాళీ చేయమని అరిచింది. తెనాలి ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. నేను చాప తీసుకుని బయట డాబా మీద పడుకున్నాను. ముక్కుకు చున్నీ చుట్టుకున్నాను. రెండు రోజులు నేను ఆ పిల్ల దగ్గరకు వెళ్ళలేదు. నీళ్ళగ్లాసు గుమ్మం లోపల పెట్టి వెనక్కి వచ్చేసేదాన్ని.

కర్నూలు మాత్రం ఆంటీతో మెట్ల మీద నిలబడి పోట్లాడింది. "జ్వరమొచ్చిన పిల్లను యాడికి పంపల్ల? మీ బిడ్డైతే పంపుతారా?" అని. పొద్దున్నే ఆటో పిలిచి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళి, మధ్యాహ్నం దాకా లైన్లో కూర్చుని చూపించుకుని వచ్చింది. మామూలు వైరల్ జ్వరమన్నారు. మూడు రోజులు గంజి కాచి పోసింది. తడిగుడ్డలు వేయడానికి, ఒళ్ళు తుడవడానికి నీళ్ళు ఎన్ని కావాలంటే అన్ని వాడింది. నేను డ్రమ్ములోకి చూశాను. గీతలు దాటిపోయాయి. తను ఆ మూడు రోజులూ స్నానం మానేసి కాళ్ళూ చేతులూ కడుక్కుని కంపెనీకి వెళ్ళొచ్చిందని జగిత్యాల తర్వాతెప్పుడో చెబితే తెలిసింది.

ఇంత చూసినా నాకు ఆమె మీద మనసు మారలేదు. ఇలా రాయడానికి కష్టంగా ఉంది కాని నిజం అదే. చెంబులు లెక్కపెట్టిన గొంతు చెవిలోంచి పోలేదు.

సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు ఎక్కిన హెలికాప్టర్ కనిపించకుండా పోయింది. మర్నాడు నల్లమలలో శిథిలాలు దొరికాయి. ఊరంతా మూగబోయింది. దుకాణాలు మూసేశారు, కంపెనీలు మూసేశారు. నలుగురం గదిలోనే. రేకుల కింద ఉక్కపోత, వండుకోవడానికి రెండు బంగాళాదుంపలు తప్ప ఏమీ లేవు, మూడో రోజు నల్లా కూడా రాలేదు. శుక్రవారం కదా అని నేను తలంటుకున్నాను. ఒక్కసారైనా తృప్తిగా పోసుకుందామనిపించింది. పోసుకున్నాను. బయటికి వచ్చేసరికి కర్నూలు డ్రమ్ములో తలపెట్టి చూస్తోంది.

"ఈ పొద్దు రాత్రికి నలుగురూ ఏం తాగల్ల?" అంది.

మూడు నెలలుగా ఒక్కమాట ఎదురు చెప్పనిదాన్ని, ఒక్కసారిగా పేలిపోయాను. "నీళ్ళ మొహం ఎరగని ఊరి నుంచి వచ్చి మా ప్రాణాలు తీస్తున్నావు. ఆ దరిద్రం మీకు అలవాటేమో, మాకు లేదు" అన్నాను. ఇంకా ఏవో అన్నాను గాని ఈ మాట మాత్రం అక్షరం అక్షరం గుర్తుంది.

ఆమె తిరిగి ఏమీ అనలేదు. అంత నోరున్న పిల్ల, ఒక్కమాట అనలేదు. రెండు బిందెలు తీసుకుని మెట్లు దిగి వెళ్ళింది. వీధి చివర టీ కొట్టాయనను బతిమాలి వాళ్ళ సంపులోంచి నీళ్ళు తెచ్చింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేసింది. లెక్కల పుస్తకం నేను చూసేలా గూట్లో తెరిచి పెట్టేది. నా పేరు కింద నేను మోసిన బిందెలు, నేను కొన్న సరుకులు ఒక్కటి తప్పకుండా రాసేది. అందులో ఒక్క పైసా అన్యాయం ఉండేది కాదు.

దసరాకి జగిత్యాల బతుకమ్మ ఆడడానికి ముందే ఊరెళ్ళింది. తెనాలి కూడా వెళ్ళింది. నాకు రైలు టికెట్ దొరకలేదు. కర్నూలు పండగ చూసుకుని మర్నాడు రాత్రికే తిరిగొచ్చింది, కంపెనీలో హాజరు పోతుందని. గదిలో మాటల్లేని ఇద్దరం మిగిలాం. అప్పుడే వాన మొదలైంది. కర్నూలు వైపు ఇంకా పెద్దవాన అన్నారు.

అక్టోబరు 2, గాంధీ జయంతి, సెలవు. పొద్దున ఆంటీ కిందనుంచి పిలిచింది, "కర్నూలూ, తొందరగా దిగు, టీవీ చూడు" అని. ఇద్దరం దిగాం. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చేశాయి. మిద్దెల మీద జనం, మొదటి అంతస్తు దాకా నీళ్ళు, కొట్టుకుపోతున్న గడ్డివాములు. కింద శ్రీశైలంలోకి ఎన్నడూ రానంత వరద వస్తోందని, డ్యామ్ నిండు మట్టం 885 అడుగులైతే దాన్నీ దాటిపోయిందని టీవీలో చెబుతూనే ఉన్నారు. ఆమె ఇల్లు వన్‌టౌన్‌లో, హంద్రీకి దగ్గర. నాన్న టైలరు. ఇంటి ముందు గదే కొట్టు.

ఫోన్లు కలవలేదు. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు. నాన్న, తమ్ముడు, పక్కింటివాళ్ళు, ఎవరి నంబరూ కలవలేదు. ఆమె ఏడవలేదు. ఆంటీ అన్నం పెడితే తిన్నది. పైకి వచ్చి డ్రమ్ము పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ప్రతి పది నిమిషాలకీ డయల్ చేసేది. నేను తన ఎదురుగా కూర్చునేదాన్ని. ఏం మాట్లాడాలో తెలియలేదు. క్షమించమని అడగాలని ఉంది. ఆ టైములో అలా అడగడం నా బరువు దించుకోవడానికే అనిపించి నోరు రాలేదు. మూడో రోజు తెల్లవారుజామున నల్లా వచ్చింది. తనను లేపకుండా ఇరవై బిందెలూ నేనే మోశాను.

నాలుగో రోజు ఎవరిదో ఫోన్ నుంచి తమ్ముడు మాట్లాడాడు. అందరూ బతికే ఉన్నారు. మేడ ఉన్న బంధువుల ఇంట్లో రెండు రాత్రులు గడిపారు. ఇల్లు మట్టితో నిండిపోయింది, మూడు కుట్టుమిషన్లు పోయాయి. ఆ మాట విన్నాక ఆమె మొదటిసారి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. తీసేయలేదు. బస్సులు తిరగడం మొదలవగానే బయల్దేరింది. నా దగ్గరున్న మూడు వందలు చేతిలో పెట్టాను. సంచి సర్దుకోవడం ఆపి, గూట్లోంచి పుస్తకం తీసి, 'బొబ్బిలి దగ్గర తీసుకున్నవి 300' అని రాసి సంతకం పెట్టి వెళ్ళింది.

పది రోజులకు తిరిగొచ్చింది. ట్రైనింగ్ మధ్యలో ఆగిపోతే ఏడాది పోతుంది కాబట్టి. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, బురద మరకలు పడిన పదో తరగతి సర్టిఫికెట్ డాబా మీద ఎండలో పరిచింది. నాలుగు మూలలా నాలుగు చెంచాలు బరువు పెట్టింది. నేను పక్కనే బట్టలు ఆరేస్తున్నాను. తనే మాట్లాడింది.

"ఇల్లంతా నీళ్ళే. తాగనీకి చుక్క లేదు. మా యమ్మ రెండు దినాలు వానకు గిన్నె పట్టి తాగినాది" అంది. "ఎండాకాలమొస్తే మా వీధికి వారానికోసారి వస్తాయి కొళాయి. నా చిన్నప్పటి నుంచి బిందెల లెక్క నాదే. ఇంట్లో ఎవరన్నా ఒక చెంబు ఎక్కువ పోసుకుంటే నాకే తిట్లు."

అంతకుమించి చెప్పలేదు. నేను ఆ రోజు అన్న మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున డ్రమ్ములోకి వంగి చూసి, "ఏమ్మే, గీత దాటినావు" అంది. మాట కలిసిందని నాకు సంతోషమైంది.

గది బాగుపడింది మాత్రం జగిత్యాల వల్ల. నెలల తరబడి నోరు విప్పని పిల్ల, అక్టోబరు చివర్లో ఒక ఆదివారం నేనూ తెనాలీ వంటింట్లో కర్నూలు గురించి గుసగుసలాడుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "ఎనుకంగ మాట్లాడుడు బంద్ చేయుండ్రి. ఏదున్నా ముంగట్నే అనుండ్రి" అంది. అంతటితో వదల్లేదు. నలుగుర్నీ చాప మీద కూర్చోబెట్టింది. ఎవరికి ఎవరితో ఏం ఇబ్బందో వరసగా చెప్పమంది. మొదట తనే మొదలుపెట్టింది. నాకు వెలుతురు ఉంటే తలనొప్పి, చిన్నప్పటి నుంచీ ఉంది, పొగరు కాదు అని. జ్వరమప్పుడు నేను చున్నీ కట్టుకుని గుమ్మంలో గ్లాసు పెట్టడం తను చూశానని కూడా చెప్పింది. నేను తల దించుకున్నాను.

నా వంతు వచ్చినప్పుడు గొంతు వణికింది. తెనాలి ముఖంలోకి చూసి, నా ఆరువందలు నాకు కావాలి, రాత్రి నాకు నిద్ర కావాలి అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. చాలాసేపటికి, ఇంటి నుంచి డబ్బు రావడం లేదని, నాన్న పని పోయిందని, ఫోన్ చేసేది ఉద్యోగం చూస్తానన్న ఒకతనికని చెప్పింది. అతను మంచివాడు కాడని మాకు అప్పటికప్పుడు అర్థమైంది. ఆమెకు కొంచెం తర్వాత అర్థమైంది. నాలుగు నెలలు నాకు ఒక మూర దూరంలో పడుకున్న మనిషి దుప్పటి కింద ఏ కష్టంలో ఉందో నేను ఒక్కసారైనా అడగలేదు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఎర్రగడ్డ అంగడికి వెళ్ళొచ్చాక చాప పరిచేవాళ్ళం. పది దాటితే ఫోన్ మెట్ల మీద. బల్బుకి ఒక పక్క అట్టముక్క, లాగ్‌బుక్ రాసేవాళ్ళు ఆ వెలుతురు వైపు. అలారం దిండు కింద. కూరలో కారం సగం, కావలసినవాళ్ళకు తొక్కు. తలస్నానానికి ఇరవై చెంబులు, వారానికోసారి, ఎవరూ లెక్కపెట్టరు. ఆఖరిది నేను అడిగాను, కర్నూలు చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది. తెనాలి అప్పు వారానికి యాభై చొప్పున తీరేలా పుస్తకంలో రాసింది. గొడవలు ఆగిపోలేదు. నవంబరులో గ్యాసు గురించి ఎంత పెద్ద గొడవయిందంటే ఆంటీ పైకి వచ్చింది. కాకపోతే అది చాప మీదే మొదలై చాప మీదే అయిపోయింది. మర్నాడు ఎర్రగడ్డలు తెమ్మని ఎవరో అంటే మళ్ళీ నలుగురం నవ్వుకున్నాం.

నవంబరు చివర గది ఖాళీ చేశాం. కర్నూలు మూడు వందలు లెక్కపెట్టి ఇచ్చి, నా చేత సంతకం పెట్టించుకుంది. తెనాలి ఇంకా మూడు వందల యాభై ఇవ్వాలి. అవి సంక్రాంతికి మనియార్డర్‌లో వచ్చాయి, వెనక నాలుగు లైన్ల ఉత్తరంతో.

ఇప్పుడు నేనుండేది నిజాంపేటలో. మెట్రో మూసాపేట స్టేషన్ దాటేటప్పుడు కిటికీలోంచి ఆ రేకుల గది కోసం చూస్తాను. ఆ వీధి అంతా అపార్ట్‌మెంట్లు అయిపోయాయి, ఎక్కడుండేదో గుర్తుపట్టలేను. ఎండాకాలంలో మాకూ ట్యాంకర్లే. మా అబ్బాయి కుళాయి వదిలేసి పళ్ళు తోముతుంటే నా నోట్లోంచి "ఏమ్మే" అని వచ్చేస్తుంది. వాడు నవ్వుతాడు.

రెండేళ్ళ కిందట కర్నూలు వెళ్ళాను. బస్సులో నాలుగైదు గంటల దారే, అయినా వెళ్ళడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆమె ఇప్పుడు అక్కడే విద్యుత్ శాఖలో పనిచేస్తోంది. బస్టాండుకి వచ్చి స్కూటీ మీద ఇంటికి తీసుకెళ్ళింది. దారిలో, ఆమె వెనక కూర్చుని, ముఖం కనపడదు కాబట్టి ధైర్యం చేసి అడిగాను. ఆ రోజు నేనన్న మాట గుర్తుందా అని.

"ఉంది" అంది.

"తప్పు చేశాను. క్షమించు" అన్నాను.

వన్‌టౌన్ సందుల్లోకి తిరిగేదాకా ఏమీ అనలేదు. తర్వాత, "ఇప్పుడా చెప్పేది?" అంది. కోపంగా అనలేదు. ఇల్లు వచ్చేసింది.

వాళ్ళ నాన్నగారు కుట్టుమిషన్ మీద నుంచి లేచి వచ్చారు. లోపలి గది చూపించారు. గోడలన్నిటికీ కొత్తగా సున్నం వేశారు, ఒక పక్క మాత్రం జానెడు వెడల్పున వదిలేశారు. అక్కడ మట్టిరంగు గీత ఉంది.

"ఇదీ పాపా, ఆ పొద్దు నీళ్ళు నిలిచిన మట్టం" అన్నారు ఆయన.

నేను మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాపాను. అందలేదు.